మా ఆయన యూరిన్ పైపు తీయించుకోనంటున్నారు

పి.గన్నవరం అవతల లంక ఊరి నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్ఫై రెండు, ఇద్దరు పిల్లలు. భర్త కొబ్బరి దింపు కార్మికుడు. ఏడాదిన్నర కిందట వానకి తడిసిన చెట్టు మీద పట్టు తప్పి పడ్డారు. వీపు కింది భాగంలో డి 11 అనే వెన్నుపూస నలిగి వెన్నుపాము దెబ్బతింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. చేతులు బాగానే ఉన్నాయి, నడుము కింద మాత్రం కదలిక లేదు, స్పర్శ లేదు. కాళ్ళు ఉండుండి బిగుసుకుపోయి కొట్టుకుంటాయట. ఆసుపత్రిలో వేసిన యూరిన్ పైపు నేటికీ అలాగే ఉంది. ఊళ్ళో ఆర్ఎంపీ గారు నెలకోసారి మారుస్తారు. కొన్నాళ్ళుగా పైపు పక్క నుంచి మూత్రం కారిపోతోంది. కారుతోందని ఆయన ఇంకా లావు పైపు వేశారు, అయినా ఆగలేదు. మూత్రం మసకగా కనిపిస్తే చాలు, ఐదు రోజుల ఇంజక్షన్ల కోర్సు.

ఈ మధ్య పట్నంలో యూరాలజిస్టుకు చూపిస్తే, ఉంచిన పైపు తీసేసి రోజుకు నాలుగైదు సార్లు ఎవరికి వారు సన్న పైపు వేసుకుని మూత్రం తీసేసే పద్ధతి నేర్చుకోమన్నారు, అవసరమైతే మూత్రాశయం బిగుతు తగ్గించే బొటాక్స్ ఇంజక్షన్ చేస్తామన్నారు. భర్త ససేమిరా అంటున్నారు. "రోజూ అక్కడ గొట్టం గుచ్చుకోవడం నావల్ల కాదు, ఈ బ్యాగుతోనే పోతాను" అంటున్నారట. అత్తగారు పల్లేరు కషాయం, పూటకో బొండం ఇస్తూ, ఆ పైపు పీకేసి డైపర్ వేస్తే సరిపోతుందంటున్నారు. మరిది బొటాక్స్ ఖర్చు పెట్టుకుంటానన్నాడు, దాంతో పైపుల గోల వదిలిపోతుందని మరిది నమ్మకం. ఫోనులో చూసిన స్టెమ్ సెల్స్ (మూలకణాల) వైద్యం వీడియో సంగతీ అడిగారు. చివర్లో రెండు వాక్యాలు కొట్టేసి మళ్ళీ రాశారు: "మేము ఒక మంచం మీద పడుకుని ఏడాదిన్నర అయింది మేడమ్. ఆ బ్యాగు మా మధ్య ఉన్నట్టే ఉంటుంది. ఆయన్ని ఎలా ఒప్పించాలో చెప్పండి."

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మూత్రాశయం లోపల ఏం జరుగుతోందన్నది ఒకటి, ఏ వైద్యం ఏం చేస్తుందన్నది రెండోది, ఎవరు నిర్ణయించాలన్నది మూడోది. మీ ఇంట్లో అందరూ రెండోదాని దగ్గర వాదించుకుంటున్నారు. నేను మొదటిదాని నుంచి వస్తాను.

మూత్రాశయం నిండడం, ఆపుకోవడం, వదలడం ఈ మూడూ మెదడుకూ వెన్నుపాము చివరి భాగానికీ మధ్య కబుర్లతో నడుస్తాయి. మీ వారికి ఆ దారి మధ్యలో తెగింది. దెబ్బకు కింద ఉన్న వెన్నుపాము మాత్రం బతికే ఉంది, కాళ్ళు బిగుసుకుని కొట్టుకోవడమే దానికి గుర్తు. ఇలాంటివారిలో చాలామందికి మూత్రాశయం మెదడు మాట లేకుండా తనంతట తాను ముడుచుకుంటుంది. అదే సమయంలో కింద తెరుచుకోవాల్సిన బిగింపు కండరం మూసుకుంటుంది. మీ కాలువల మీద లాకులు మూసి పైనుంచి నీళ్ళు వదిలితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ వెనక్కి తన్నేది మూత్రం, దెబ్బ తగిలేది కిడ్నీలకు. నొప్పి తెలియదు కాబట్టి కిడ్నీ చాలా దూరం పాడయ్యేదాకా మనిషికి తెలియకపోవచ్చు.

అందుకే అత్తయ్యగారి డైపర్ ఆలోచనకు మాత్రం నేను గట్టిగా అడ్డం చెబుతాను. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు. కానీ ఉన్న పైపు వల్ల మరేమి నష్టం జరుగుతున్నా, మూత్రం నిలవకుండా పోతోంది. దాన్ని ఉట్టినే పీకేసి డైపర్ వేస్తే, కారేది పైన కారుతుంది, మిగిలింది లోపల ఒత్తిడితో నిలుస్తుంది. తడిగా ఉన్నంత మాత్రాన మూత్రాశయం ఖాళీ అయినట్టు కాదు.

ఈ ఒత్తిడిని కొలవొచ్చు. 1981లో అమెరికాలో ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ బృందం పుట్టుకతో వెన్నుపాము లోపం ఉన్న పిల్లల్ని గమనించి ఒక సంగతి తేల్చింది. మూత్రం కారడం మొదలయ్యేటప్పటికి లోపలి ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తును దాటిన పిల్లల్లోనే కిడ్నీలు ఎక్కువగా పాడయ్యాయి. ఆ తర్వాత నరాల జబ్బుల వల్ల వచ్చే మూత్ర సమస్యల్లో డాక్టర్లు మొదట చూసుకునేది ఆ ఒత్తిడినే. పరీక్ష పేరు యూరోడైనమిక్స్. సన్నటి గొట్టంతో మూత్రాశయాన్ని మెల్లగా నింపుతూ ఒత్తిడి ఎంతుందో మెషీన్ మీద చూస్తారు. మీ ఉత్తరంలో స్కానింగుల పేర్లన్నీ ఉన్నాయి, ఇది మాత్రం లేదు. బొటాక్స్‌కు డబ్బు కట్టకముందే ఇది చేయించండి. దానితో పాటు కిడ్నీలకు అల్ట్రాసౌండ్, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. ఆ మెషీన్ అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. కారు మాట్లాడుకునే ముందు ఫోన్ చేసి "యూరోడైనమిక్స్ చేస్తారా" అని ఆ పేరుతోనే అడగండి.

ఇక పైపు పక్క నుంచి కారడం. పైపు సన్నమైందని అలా కారదు. మూత్రాశయం విసురుగా ముడుచుకుంటే కారుతుంది, పైపు గసిపట్టి మూసుకుపోయినా, లోపల రాయి ఉన్నా, మలబద్ధకంతో పేగు నిండి నొక్కుతున్నా కారుతుంది. లావు పైపు వేసే కొద్దీ మూత్రనాళం ఒరుసుకుంటుంది. మగవాళ్ళలో కొన్నాళ్ళకు కింది వైపు చీలిక కూడా వస్తుంది, స్పర్శ లేనివారికి అది తెలియదు. ఆర్ఎంపీ గారు అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషని మీరే రాశారు, ఆయన్ని దూరం చేసుకోమనను. లావు పైపు మాత్రం వద్దని చెప్పండి.

ఇంజక్షన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నెలల తరబడి పైపు ఉన్న మనిషి మూత్రంలో సూక్ష్మక్రిములు ఎప్పుడూ ఉంటాయి, క్రిములను చూసే కల్చర్ పరీక్ష ఎన్నిసార్లు చేయించినా కనిపిస్తాయి. ఒంట్లో బాగున్నప్పుడు వాటికి యాంటీబయోటిక్ వేయొద్దనే ఇప్పటి వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. జ్వరం, చలి, మూత్రంలో రక్తం, కాళ్ళ బిగుతు ఉన్నట్టుండి పెరగడం, మనిషి నీరసించిపోవడం, ఇలాంటివి ఉంటేనే మందు. బ్రిటన్‌లో తమకు తాము పైపు వేసుకునే 404 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. రోజూ కొద్ది మోతాదులో యాంటీబయోటిక్ వాడినవారికి ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి, కానీ వారి మూత్రంలోని క్రిములు మందులకు లొంగకపోవడం పెరిగింది. ప్రతి మసక మూత్రానికీ ఒక కోర్సు వేయిస్తే, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజున పనిచేసే మందు మిగలదు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా భయం వేసిన విషయం అదే.

ఇప్పుడు డాక్టరు గారు చెప్పిన పద్ధతి. దాన్ని ఆసుపత్రుల్లో సీఐసీ (క్లీన్ ఇంటర్మిటెంట్ క్యాథెటరైజేషన్) అంటారు. ఇది ఖరీదైన వైద్యం చేయించుకోలేనివారికి ఇచ్చే రెండో రకం సలహా అనుకుంటున్నారేమో మీ వారు. కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో చాలామంది మూత్రం ఇన్ఫెక్షన్లతో, పుండ్లతో కొద్ది కాలానికే చనిపోయారు. జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వీళ్ళ కోసమే వార్డు తెరిచాడు. పైపు ఉంచేయకుండా, గంటల లెక్కన వేసి తీయడం అక్కడ ఒక క్రమపద్ధతిగా మారింది. అయితే ఒక్క క్రిమి కూడా లేకుండా, ఆసుపత్రి సిబ్బంది చేయాల్సిన పని అది. 1972లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడెస్ ఇంకో అడుగు వేశాడు. క్రిములు ఒకటీ అరా లోపలికి పోవడం కన్నా మూత్రాశయం ఉబ్బిపోయి దానికి రక్తప్రసారం తగ్గడమే ఇన్ఫెక్షన్‌కు పెద్ద కారణమని ఆయన వాదన. సబ్బుతో చేతులు కడుక్కుని మనిషి తనంతట తాను చేసుకోవచ్చన్నాడు. అప్పట్లో చాలామంది డాక్టర్లు నమ్మలేదు. యాభై ఏళ్ళు దాటాక ఇవాళ చేతులు పనిచేసే రోగికి ప్రపంచమంతటా మొదట చెప్పేది అదే.

పని ఇంతే. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు. ఒక్కోసారి 400, మహా అయితే 500 మిల్లీలీటర్లు దాటకూడదు, అందుకని మొదట్లో కొలత గ్లాసు, ఒక నోటుబుక్కు కావాలి. అంతకన్నా ఎక్కువ వస్తుంటే ఆలస్యం చేస్తున్నారని అర్థం. చేతులు కడగడం, జెల్లీ రాయడం, మెల్లగా తోయడం, అడ్డు తగిలితే బలవంతం చేయకపోవడం. ఇవి నర్సు పక్కన కూర్చుని నేర్పించాలి, వీడియో చూసి మొదలుపెట్టొద్దు. ఈ పనికి వాడే మామూలు సన్న పైపులు, నెలాటన్ అంటారు, మందుల షాపుల్లో దొరుకుతాయి. పెట్టె మీద ఒక్కసారికే అని రాసి ఉంటుంది, మన దగ్గర కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడేవారు చాలామంది. ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినవారికి, ఒకసారి వాడి పారేయడమే మేలని తేల్చే గట్టి ఆధారం దొరకలేదు. స్తోమతుంటే కొత్తది వాడండి. లేకపోతే ఎలా కడగాలో, ఎన్నాళ్ళు వాడొచ్చో నేర్పించే నర్సునే అడిగి అలాగే చేయండి.

మరిది గారి బొటాక్స్ సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో పెద్ద అపోహ ఇక్కడుంది. ఆ మందు నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని ఆపుతుంది. స్విట్జర్లాండ్‌లో బ్రిగిట్ షుర్ష్ బృందం వెన్నుపాము దెబ్బతిన్నవారి మూత్రాశయంలో దీన్ని వాడి 2000లో ఫలితాలు ప్రకటించింది. పెద్ద పరీక్షల తర్వాత అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2011లో అనుమతి ఇచ్చింది. సాధారణంగా 200 యూనిట్లు, లోపలికి కెమెరా గొట్టం పంపి ముప్ఫై చోట్ల కొద్దికొద్దిగా ఇస్తారు. ఒత్తిడి తగ్గుతుంది, కారడం తగ్గుతుంది, చాలామందికి బాగా పనిచేస్తుంది. కానీ అది మూత్రాశయాన్ని శాంతింపజేస్తుంది, ఖాళీ చేయదు. మీ వారికి అది చేశాక మూత్రం తీయడానికి సీఐసీ తప్పకుండా కావాల్సి వస్తుంది. పైగా ఆరు నుంచి తొమ్మిది నెలలకు, కొందరికి ఇంకొంత ఆలస్యంగా, ప్రభావం తగ్గిపోతుంది, మళ్ళీ చేయించాలి. మరిది ఒకసారి ఇస్తానన్న డబ్బుతో తీరే పని కాదు, ఆ మాట ఆయనతో ముందే చెప్పుకోండి. ఇంటికి సాయం చేసిన మనిషి తర్వాత మోసపోయాననుకోకూడదు.

దానికన్నా ముందు మాత్రలున్నాయి. ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనాసిన్ లాంటివి మూత్రాశయం బిగుతును తగ్గిస్తాయి. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం పెరుగుతుంది. మీ వారికి విరేచనం ఇప్పటికే మూడు రోజులకోసారి అవుతోందన్నారు కాబట్టి డాక్టరుకు అది తప్పక చెప్పండి. మిరాబెగ్రాన్ అనే మరో రకం మాత్రతో ఆ ఇబ్బందులు తక్కువ, బీపీ మాత్రం చూసుకోవాలి. చాలామందికి సీఐసీ, మాత్రలు కలిసి సరిపోతాయి. సరిపోకపోతేనే బొటాక్స్. అదీ సరిపోకపోతే పేగు ముక్క కలిపి మూత్రాశయాన్ని పెద్దది చేసే ఆపరేషన్ ఉంది, దాని తర్వాత కూడా జీవితాంతం సీఐసీనే. చూశారా, మీ వారు ఏ తలుపు వద్దంటున్నారో దాదాపు అన్ని దారులూ అందులోంచే పోతున్నాయి.

దాదాపు అన్నాను. ఆయన ఎంతకీ వద్దంటే ఇంకో మర్యాదైన దారి ఉంది. పొత్తికడుపు మీద చిన్న రంధ్రం చేసి అక్కణ్ణుంచి పైపు పెడతారు. ఇన్ఫెక్షన్లు, రాళ్ళ బెడద దీనికీ ఉంటుంది, మార్పిస్తూనే ఉండాలి. కానీ మూత్రనాళం ఒరుసుకుపోదు, శుభ్రం చేయడం తేలిక, భార్యాభర్తల మధ్య అడ్డూ కాదు. ఇప్పుడున్న పైపునే కొనసాగించడం అన్నిటికన్నా బలహీనమైన దారి. అదే ఎంచుకుంటే సిలికాన్ పైపు, తొడకు గానీ పొట్టకు గానీ లాగకుండా అంటించడం, బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందుండటం, ఏడాదికోసారి కిడ్నీ స్కాన్, ఇవి తప్పనిసరి.

స్టెమ్ సెల్స్‌కు డబ్బు పెట్టొద్దు. వెన్నుపాముకు అది నిరూపితమైన వైద్యం కాదు. మన దేశంలో వైద్య పరిశోధనలను చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బులకు దాన్ని పరిశోధనగా మాత్రమే చేయాలి. పరిశోధన పేరుతో రోగి దగ్గర డబ్బు అడుగుతున్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

అత్తయ్యగారి బొండాల సంగతి. నీళ్ళు తాగడం మంచిదే, రోజంతా కలిపి లీటరున్నర నుంచి రెండు లీటర్లు. సీఐసీ మొదలుపెడితే ఒకేసారి చెంబుడు తాగడం మానేసి కొద్దికొద్దిగా తాగాలి. బొండంలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు బాగున్నంత కాలం ఒకటీ అరా పరవాలేదు, క్రియాటినిన్ పెరిగి ఉంటే అదే బొండం గుండెకు ప్రమాదం. రిపోర్టు వచ్చేదాకా పూటకొకటి ఆపండి. పల్లేరు కషాయానికి ఈ నరాల సమస్య తగ్గదు, రిపోర్టు వచ్చేదాకా అదీ పక్కన పెట్టమనండి. బజార్లో ఖరీదుగా అమ్మే క్రాన్‌బెర్రీ కూడా మూత్రాశయం సరిగా ఖాళీ కానివారికి పనిచేసినట్టు అధ్యయనాల్లో తేలలేదు.

ఇంతా చెప్పాక మీరు అడిగిన ప్రశ్న. ఎలా ఒప్పించాలి?

ఆయన వద్దంటున్నది పైపును అని నాకు అనిపించడం లేదు. నలభై అడుగుల చెట్టు చకచకా ఎక్కి దిగిన మనిషి ఆయన. ఇప్పుడు తన ఒంటిని ఎవరెవరో తిప్పుతున్నారు, తుడుస్తున్నారు, పైపులు మారుస్తున్నారు. ఆ నాలుగైదు సార్లు ఎవరు చేస్తారనుకుంటున్నారో అడిగారా? మీరు చేస్తారని అనుకుంటూ ఉంటే ఆయన కాదనడంలో ఆశ్చర్యం లేదు. డాక్టరు కూడా ఆయన పక్కనుండగానే మీ వైపు తిరిగి చెప్పారని రాశారు. సీఐసీ మీరు చేసే సేవ కాకూడదు. ఆయన చేతులు బాగున్నాయి, అది ఆయన పని. ఏడాదిన్నర తర్వాత తన ఒంటి మీద తన చెయ్యి మళ్ళీ నడిచే మొదటి పని అదే కావచ్చు. ఈ మాట మీరు చెప్పే కన్నా, చేసుకుంటున్న మరో మగవాడు చెబితే ఆయనకు ఎక్కుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవారికి శిక్షణ ఇచ్చే పునరావాస విభాగాల్లో అలాంటివారు కనిపిస్తారు. మన వైపు నుంచి చాలామంది వెళ్ళే వెల్లూరు సీఎంసీలో 1966లో మొదలైన పునరావాస కేంద్రం ఉంది. దాని వెనకున్న డాక్టర్ మేరీ వర్గీస్ తానే 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, కాళ్ళు చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చుని ఆపరేషన్లు చేసిన మనిషి. అంత దూరం కష్టమైతే కాకినాడ, విశాఖ పెద్దాసుపత్రుల్లో ఫిజికల్ మెడిసిన్, యూరాలజీ విభాగాల్లో ఎవరు నేర్పిస్తారో వాకబు చేయండి.

రేపటి నుంచి జీవితాంతం అని అడగకండి. పరీక్ష అయ్యాక, డాక్టరు సరేనంటే, ఒక నెల చూద్దామని అడగండి. నచ్చకపోతే పొట్ట మీది పైపు ఉందని కూడా చెప్పండి, దాచొద్దు. తిరస్కరించే హక్కు నిజంగా ఉన్నప్పుడే మనిషి ఆలోచిస్తాడు. అన్నీ విన్నాక కూడా ఆయన బ్యాగే అంటే, అది ఆయన ఒళ్ళు. స్కాన్లు మాత్రం మానొద్దని మాట తీసుకోండి.

మీరు కొట్టేసి మళ్ళీ రాసిన ఆ వాక్యాల గురించి సిగ్గుపడకండి. ముప్ఫై రెండేళ్ళ మనిషికి ఆ కోరిక, ఆ దిగులు ఉండటం న్యాయమే. పైపు లేని రోజున మధ్య గంటలన్నీ మీ ఇద్దరివి. ముందు మూత్రం తీసేసుకుంటే చాలు. వెన్నుపాము దెబ్బ తర్వాత దాంపత్యానికి సంబంధించి మందులు, సలహాలు ఉన్నాయి. యూరాలజిస్టునే అడగొచ్చు, ఆయనకు రోజూ వినే ప్రశ్నే అది. ఈ సంగతి మీ వారితో అనగలిగితే అనండి. అత్తయ్యగారికీ మరిదికీ తెలియనక్కర్లేని కారణం ఇది.

ఈ కాలమ్ చదివే మిగతావారికి ఒక మాట. పక్షవాతం, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవారు, వీళ్ళలో మూత్రాశయం తీరు వేరువేరుగా ఉంటుంది. కొందరిలో బిగుసుకుంటుంది, కొందరిలో వదులైపోతుంది. పైది చూసి మాత్రలు కొనుక్కోవద్దు. వెన్నుపాము దెబ్బ డి 6 (ఛాతీ ఎత్తులోని వెన్నుపూస) దగ్గర గానీ ఆ పైన గానీ ఉన్నవారికి పైపు మూసుకుపోతే బీపీ ఒక్కసారిగా లేచి, తల పగిలిపోయే నొప్పి, చెమటలు వస్తాయి. వెంటనే కూర్చోబెట్టి పైపు సరిచేయాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

చెల్లెమ్మా, మీది లంక ఊరు కాబట్టి చివరగా ఇది. గోదావరికి వరదొచ్చే రోజుల్లో మీకు పడవే దిక్కు. ఆషాఢం రాకముందే రెండు నెలలకు సరిపడా పైపులు, జెల్లీ, సబ్బు, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకోండి. కాచి చల్లార్చిన నీళ్ళతోనే కడగండి. జ్వరం, చలి వస్తే, బ్యాగులోకి ఆరు గంటలుగా చుక్క రాకపోతే, నీళ్ళు తగ్గేదాకా చూద్దామనుకోవద్దు. ఏటిగట్టు దాటేయండి.